సుద్దపొడి మీద పాదాలు

ఎనిమిదో రబ్బరు పట్టీని కిటికీ వెలుతురులో పట్టుకుని రెండు వైపులా లాగి చూశాడు. నిన్నటికన్నా వేలెడు ఎక్కువ సాగింది. మిగతా ఏడింటినీ మళ్ళీ లాగి చూశాడు. అవి బాగానే ఉన్నాయి. బాగానే ఉండటం కూడా అతనికి నచ్చలేదు. ఒక్కటే సాగిందంటే వాడుతున్నవాడు ఒక్కడే అన్నమాట.

గోల్ఫ్ నేర్పే ఆ మైదానంలో సామానుగది ఇరవై రెండేళ్ళుగా అతని చేతి కింద ఉంది. అందరూ తాళాలాయన అంటారు. బంతులు ఆపే పాత వలలు తప్ప ఆ గదిలో ఉండేవన్నీ కాళ్ళకు సంబంధించినవే. బంతిని కొట్టేటప్పుడు మనిషి నడుము కింది భాగం అటూ ఇటూ జారిపోకుండా నిలబెట్టే సామాను. మోకాళ్ళకు కాస్త పైన వేసుకునే పట్టీలు, కుడి పాదం బయటి అంచు కింద దూర్చే వాలు దిమ్మలు, తొడల మధ్య నొక్కి పట్టుకునే మెత్తటి బంతులు, ఎక్కి నిలబడగానే ఒక పక్కకు ఒరిగిపోయే గుండ్రటి చెక్కలు ఆరు. రోజూ పొద్దున్నే ఆ చెక్కల మీద పలచగా సుద్దపొడి జల్లుతాడు. నేర్చుకునేవాళ్ళు ఎక్కి దిగాక బరువు ఎక్కడ పడిందో ఆ పొడి చెబుతుంది. అది అక్కడ ఆట నేర్పే మాస్టారు పెట్టిన పద్ధతి. ఆ గుర్తులు చదవడం ఇతనికి నేర్పిందీ ఆయనే. ఒక్కనాడూ గోల్ఫ్ కర్ర పట్టుకోకపోయినా, బూటు అడుగున ఉండే బుడిపెల ముద్ర చూసి అది ఎవరిదో, ఆ మనిషి ఏ కాలి మీద బరువు వేయడానికి మొరాయిస్తున్నాడో చెప్పేయగలడు.

పదిరోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు. మధ్యాహ్నం ఎండకు మైదానం ఖాళీ అయ్యాక, గదికి తాళం వేసి ఇంటికెళ్ళి భోంచేసి వస్తాడు. వచ్చేసరికి మూడో చెక్క మీద కొత్త గుర్తులుంటున్నాయి. అవి వట్టి పాదాలవి. కుడి పాదం లోతుగా, ఐదు వేళ్ళూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటుంది. ఎడమది మాత్రం బయటి అంచున చిన్న గీత. అతను నేర్చుకున్న చదువంతా ఉపయోగించి చదివాడు. దెబ్బ కొట్టేటప్పుడు ఎడమవైపుకు రావాల్సిన బరువంతా కుడికాలి మీదే ఉండిపోతోంది. అంటే వీడెవడో శుద్ధ కొత్తవాడు. పేరు కూడా రాయించుకోకుండా దొంగచాటుగా దూరి సాధన చేస్తున్నాడు. రెండో తాళంచెవి ఆఫీసులో మేకుకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి లోపలివాళ్ళెవరో వాడికి సాయం చేస్తున్నారు.

అనుమానించడం అతనికి ఊపిరి పీల్చడమంత అలవాటు. ఫోనులో నవ్వుతున్న భార్యను ఎవరని అడుగుతాడు. మీ అక్కే అంటుంది ఆవిడ. మర్నాడు అక్కకు ఫోను చేసి, నిన్న ఎవరితోనైనా మాట్లాడావా అని ఆరా తీస్తాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ కోపం తెచ్చుకోవడం కూడా మానేసింది.

"మీరు నన్ను నమ్మకపోతే పోయె, పాలగిన్నెనైనా నమ్మండి. వాసన చూడకుండా ఒక్కరోజు కాఫీ తాగండి చూద్దాం," అంటుంది.

కానీ ఈసారి నవ్వులాట కాదు. పోయిన నెల ఒక పట్టీ తెగింది. మేనేజరు పిలిపించి, ఇంకొక వస్తువు పాడైతే తాళాలు ఆఫీసులో పెట్టి గడ్డి కోతకు వెళ్ళమన్నాడు. యాభై ఏడేళ్ళ వయసులో, ఆ మోకాళ్ళతో, ఎండలో గడ్డి మిషను తోయాలి. అంతకన్నా, నడుముకు ఆ తాళాల గుత్తి లేకుండా ఇంటికి నడవడమనేది అతను ఊహించుకోలేకపోయాడు. అందుకే పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళాడు.

"ఒంటిగంటన్నరకు ఒకసారి ఇటు రండి సార్. దొంగను మీ చేతికే పట్టిస్తాను."

పదింటికి మాస్టారు వచ్చారు. ఆయన మీదా అనుమానమే. మూడు వారాలుగా మనిషి మారిపోయారు. ఇదివరకు ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, తుంటి పట్టుకుని తిప్పి మరీ నేర్పేవారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, నోటితోనే నేర్పుతున్నారు. పదకొండింటికి ఇద్దరూ కలిసి తాగే టీకి కూడా ముఖం చాటేస్తున్నారు. వేరేచోట మంచి ఉద్యోగం కుదిరి ఉంటుంది, ఇక్కడ మనసు నిలవడం లేదు, కనీసం నాకైనా చెప్పలేదు అని అతనికి లోపల బాధగా ఉంది.

మాస్టారు సామానుగది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

"ఏమయ్యా, మధ్యాహ్నం ఇంటికేనా?"

ఈయనకెందుకు అనుకున్నాడు. వల పన్నిన సంగతి ఎవరి చెవినా పడకూడదు.

"ఇంటికే మాస్టారూ. వెళ్ళకపోతే మా ఆవిడ ఊరుకుంటుందా."

ఒంటిగంటకు తాళం వేసి, గేటు దాకా నడిచి, గది వెనకవైపు తలుపు తెరుచుకుని మళ్ళీ లోపలికి వచ్చాడు. చుట్టి నిలబెట్టిన వలల వెనక కూర్చున్నాడు. ఆకలి వేస్తోంది, కాలు తిమ్మిరెక్కుతోంది. అయినా లోలోపల హుషారుగానే ఉన్నాడు.

తాళం చప్పుడైంది. వచ్చింది మాస్టారు.

తలుపు దగ్గరగా వేసుకున్నారు. స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నారు. కుడిచేత్తోనే రెండూ విప్పారు. ఎనిమిదో పట్టీని అదే చేత్తో మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. ఒక కుర్చీ తెచ్చి మూడో చెక్క ముందు వేసి, దాని వీపు పట్టుకుని ఎక్కారు. ఎడమకాలు రాలేదు. వంగి, పంట్లాము గుడ్డ పట్టుకుని, ఆ కాలిని పైకెత్తి చెక్క మీద పెట్టారు. కుర్చీ వదిలేసి లెక్కపెట్టడం మొదలెట్టారు. నాలుగు అనగానే ఒరిగిపోయి మళ్ళీ కుర్చీ పట్టుకున్నారు. మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు.

తాళాలాయన వలల వెనక నుంచే ఆ పొడి మీది గుర్తు చూశాడు. పదిరోజులుగా తను చదివిన గుర్తు సరైనదే. ఆ గుర్తు ఆటలో లోపానిదని అనుకున్నాడే తప్ప, ఒంట్లో జబ్బుదని తనకు తట్టలేదు. సిగ్గుతో లేచి బయటికి వచ్చాడు.

మాస్టారు ఉలిక్కిపడలేదు.

"ఇంటికెళ్తానన్నావుగా."

"అబద్ధం చెప్పాను మాస్టారూ."

"పోయిన నెల ఒకరోజు పొద్దున లేవలేకపోయాను. ఎడమవైపు పట్టు తప్పింది. సాధన చేస్తే వస్తుందన్నారు డాక్టరు. మొదట్లో రెండు లెక్కపెట్టేసరికే ఒరిగిపోయేవాణ్ణి, ఇప్పటికి నాలుగు దాకా వచ్చాను. ఇరవై దాకా నిలబడగలిగితే ఎవరికీ చెప్పాల్సిన పనే ఉండదు."

బయట కంకర మీద బూట్ల చప్పుడు వినిపించింది. మేనేజరును రమ్మన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి వెళ్ళి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ లేరు సార్. ఎలక. నేనే పొరపాటు పడ్డాను."

ఇరవై రెండేళ్ళలో పైవాళ్ళకు అబద్ధం చెప్పడం అదే మొదలు. చెప్పడం చేతకాలేదు. మేనేజరు అతని భుజం మీదుగా లోపలికి చూశాడు. చెక్క మీద వట్టి కాళ్ళతో, కుర్చీ వీపు పట్టుకుని నిలబడిన మనిషిని చాలాసేపు చూశాడు.

"మాస్టారూ, వీలు చూసుకుని నా గదికి రండి," అని మర్యాదగానే అని వెళ్ళిపోయాడు.

మాస్టారు బూట్లు వేసుకోలేదు. గోడ పక్కనున్న చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళి, అరగంటకే తిరిగి వచ్చారు. తాళాలాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నారు?"

"నిలబడలేనివాడు నిలబడటం ఎలా నేర్పుతాడన్నారు. కాదనడానికేముంది? రేపట్నుంచి వేరే ఆయన వస్తాడు."

"మేనేజరుగారిని ఇక్కడికి పిలిచింది నేనే మాస్టారూ."

"తెలుసులేవయ్యా."

"నన్నొక్క మాట అడిగినా నేనే పక్కన నిలబడి పట్టుకునేవాణ్ణి కదా."

"నువ్వు అందరినీ అనుమానిస్తావు. నీకు చెప్పాలంటే భయమేసింది," అన్నారు ఆయన. అందులో నిష్ఠూరం లేదు. "గుర్తులు మాత్రం బాగా చదివావు."

నాలుగింటికి మాస్టారి అల్లుడు కారు తెచ్చాడు. మాస్టారు చెప్పులతోనే ఎక్కారు. కాలు లోపల పెట్టుకోవడానికి తాళాలాయన వంగి సాయం చేశాడు. కాలు అంత బరువుంటుందని అతను అనుకోలేదు. కారు గేటు దాటి, రోడ్డు మీది మిగతా బళ్ళలో కలిసిపోయింది.

సాయంత్రం సామాను ఎంచి సర్దాడు. ఏదీ తక్కువ కాలేదు. తాళాల గుత్తి నడుమునే ఉంది, ఇకమీదటా ఉంటుంది. మేనేజరు దారిలో ఎదురై, బాగా కనిపెట్టావు అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది.

తలుపు వేయబోతూ స్టూలు కిందికి చూశాడు. మాస్టారి బూట్లు అక్కడే ఉన్నాయి. కుడిదానికి వదులుగా ముడివేసి వదిలేసిన మామూలు లేసు ఉంది. ఎడమదానికి లేసు తీసేసి, ఒక్క చేత్తో తొడుక్కోవడానికి వీలుగా తెల్లటి ఎలాస్టిక్ అల్లి ఉంది, చివరి ముడి మీద పళ్ళతో బిగించిన గాట్లతో.