ఉప్పునీళ్ళలో నా వడ్డన

నేను ఒక ఆల్చిప్పను. అదీ నిండు చిప్పను కాదు, నడి వీపున చిల్లు పడ్డదాన్ని. చిల్లు అనగానే మొహం చిట్లించకండి. ఈ రోజు నాకు దక్కుతున్న మర్యాదంతా ఆ చిల్లు పుణ్యమే.

అంతర్వేది దగ్గర ఉప్పుటేటి బురదలో పుట్టాను. నాలో కాపురమున్న జీవి ఎప్పుడు పోయిందో, నా జంట చిప్ప ఎటు కొట్టుకుపోయిందో గుర్తులేదు. ఖాళీగా ఒడ్డున పడివుంటే సుబ్బాయమ్మ ఏరి కొంగున కట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి, అరుగు మీద నా వీపు ఆనించి అరగదీసింది. అయ్యబాబోయ్, ప్రాణం ఉంటే ఆ రోజే పోయేది! చిల్లు పడేదాకా వదల్లేదు మహాతల్లి. ఆ చిల్లు అంచు మహా పదును. మా వైపు మాగాయ పెట్టేటప్పుడు మామిడికాయ చెక్కు తీసేది దానితోనే. బజార్లోకి పీలర్లు వచ్చినా ఆవిడ వాటిని ముట్టలేదు. అవి తొక్కతో పాటు కండ కూడా లాగేస్తాయట. ఎన్ని వేసవులు ఆ చేతిలో పుల్లగా గడిచాయో!

మనవరాలు హైమకు పెళ్ళయి విశాఖపట్నం కాపురానికి వెళ్తుంటే, సుబ్బాయమ్మ సారె పెట్టెలో చీరల మడతల్లో నన్నూ దూర్చింది. అలా పట్టుచీరల మధ్య పడుకుని ప్రయాణం చేసిన ఆల్చిప్పను నేనొక్కదాన్నే అయ్యుంటాను.

హైమ మామగారి పేరు సింహాచలం. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. హాల్లో భోజనాల బల్లకు ఎదురుగా ఉప్పునీళ్ళ చేపల తొట్టి పెట్టుకున్నాడు. ఆయనకున్న పిచ్చల్లా అదే. హైమ ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే చెన్నై నుంచి కొత్త చేపను తెప్పించాడు. పసుపుపచ్చటి ఒళ్ళు, కంటి మీదుగా నల్లచార, పొడుగాటి ముక్కు. సీతాకోక చేప అంటారట. ముందొకసారి అదే జాతి చేప ఆ తొట్లోనే మేత ముట్టక చచ్చిపోయింది. ఆ దిగులు ఆయన్ని ఇంకా వదల్లేదు.

"ఇదీ పోయిందంటే తొట్టి తీసి అవతల పడేస్తాను," అన్నాడు భార్యతో. "సముద్రంలో హాయిగా తిరిగేదాన్ని తెచ్చి కడుపు మాడ్చి చంపడానికేటి, నాకీ సరదా?"

ఈ చేప కూడా ముట్టలేదు. రాళ్ళ సందున దాక్కుని, మేత పైనుంచి పడుతుంటే బెదురుగా చూసేది.

ఆ ఇంట్లో మర్యాదకు లోటు లేదు. వచ్చిన చిక్కల్లా అదే. అత్తగారు వరహాలమ్మ అద్దం ముందు కుర్చీ వేసుకుని, తినమ్మా, మా తల్లివి కదూ అని బతిమాలేది. పక్క ఫ్లాట్ల వాళ్ళు వచ్చి అద్దం మీద వేళ్ళతో కొట్టి పలకరించేవారు. తినలేదని ఇంకో చిటికెడు, మొహమాటపడుతోందేమోనని మరో చిటికెడు. చుట్టానికి కొసరి కొసరి వడ్డించినట్టు వేస్తే, మేతంతా కుళ్ళి నీళ్ళు మసకబారాయి. చివరికి ఆవిడ గుప్పెడు ఉప్పుతో దిష్టి కూడా తీసింది. ఉప్పులోనే బతికేదానికి ఉప్పుతో దిష్టి! హాలు కనిపించే వంటింటి అలమరలో కూర్చుని నవ్వాపుకోలేకపోయాను.

నవ్వాను గానీ, లోపల నాకూ బెంగగానే ఉంది. ఎందుకంటే భోజనాల బల్ల దగ్గర హైమకు జరుగుతున్నదీ అదే. మొగుడు పొద్దున్నే ఉద్యోగానికి పోయేవాడు. అత్తగారు గరిటె పట్టుకుని పక్కనే నిలబడేది. పిట్టలా తింటున్నావేమని అడిగేది, వద్దన్నకొద్దీ వేసేది. మామగారు ఎదురుగా కూర్చుని ముద్దముద్దకీ బాగుందా అనేవాడు. అంతా ప్రేమే. పిల్ల మాత్రం సగం కంచం వదిలేసి లేచేది. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు వంటింటి గోడకు ఆనుకుని గబగబా మజ్జిగన్నం తింటుంటే చూసి, నా మనసు కలుక్కుమంది. సుబ్బాయమ్మ చూస్తే ఏమైపోయేదో.

చేప పొట్ట లోపలికి పోయింది. వీపు సన్నబడింది. సింహాచలం కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి చెయ్యి కడిగేసుకున్నాడు. ఇక ఆశ లేదన్నాడు. అప్పుడు హైమ నోరు విప్పింది.

"మావయ్యగారండీ, దాన్ని మనం చూడకుండా ఉందామండి. అందరూ నోటికేసి చూస్తుంటే ముద్ద దిగదండి." తల వంచుకుని అంది, "నాకూ దిగట్లేదండి, అత్తయ్యగారూ."

వరహాలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కొత్త కోడలు ఎంత మాట అనేసిందీ అని నేను హడలిపోయాను. ఆవిడ మాత్రం గరిటె గిన్నెలో పెట్టి, "మరి ముందే చెప్పొచ్చు కదే, పిచ్చితల్లీ," అంది.

సముద్రంలో అది ఏం తింటుందని హైమ అడిగితే, రాళ్ళ సందుల్లో, చిప్పల గుంటల్లో పొడుచుకు తింటుందని మామగారు చెప్పాడు. ఆ మాట వినగానే పిల్ల లేచి వచ్చి నన్ను తీసింది. మామిడి పులుపు పోయేదాకా మరగబెట్టి కడిగింది. పచ్చిరొయ్య, కాస్త వెల్లుల్లి కలిపి నూరి నా గుంటలో మెత్తింది. చిల్లులోంచి దారం పోసి, ఆయన నీళ్ళు మార్చిన తొట్లో రాతి పక్కన వేలాడదీసింది. లైటు ఆర్పి, అద్దానికి అత్తగారి పాతచీర కప్పి, అందరూ బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఎన్నాళ్ళకు మళ్ళీ ఉప్పునీళ్ళు! అయినా ఆ సంతోషం కూడా పట్టలేదు నాకు. చేప రాతి సందులోంచి తొంగిచూసింది. దగ్గరకొచ్చి చటుక్కున వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చి ఒక్క పోటు పొడిచి, ఉమ్మేసింది. అంతర్వేది నరసింహస్వామీ, ఒక్క ముద్ద దిగనివ్వు తండ్రీ అని మొక్కుకున్నాను. ఈసారి పొడిచింది, మింగింది. ఆ తర్వాత ఆ ముక్కు నా గుంటలో టకటకా ఆడుతూనే ఉంది. ఒకప్పుడు నాలో ఒక ప్రాణం ఉండేది. అది పోయాక నా గుంటలో ఇంకో ప్రాణం నిలబడుతుందని కలలోనైనా అనుకోలేదు.

వాళ్ళు తిరిగొచ్చి దారం లాగి చూస్తే నా గుంట కడిగిపెట్టిన కంచంలా ఉంది. సింహాచలం నా గుంటలో బొటనవేలు పెట్టి నిమిరాడు. గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

వేసవి రాగానే హైమ మాగాయకని నన్ను చేతిలోకి తీసుకుంది. వరహాలమ్మ లాక్కుంది. "దాని కంచంతో చెక్కు తీస్తావేటమ్మా? వేరే చిప్ప తెప్పించుకుందాంలే."

ఇప్పుడు నా కాపురం తొట్లోనే. భోజనాల వేళకు వరహాలమ్మ గిన్నెలన్నీ కోడలి దగ్గర పెట్టేసి, మొగుణ్ణి వెంటబెట్టుకుని బాల్కనీలోకి వెళ్తుంది. ఇటు అద్దానికి చీర కప్పే ఉంటుంది. సుబ్బాయమ్మా, నీ మనవరాలు ఇక్కడ కడుపునిండా తింటోందే. నేను చూడలేదులే, మారు వడ్డించుకుంటున్న గరిటె చప్పుడు విన్నాను.