పొగదారి మలుపు

నాకు కోపం ఎక్కువ. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఏ మెకానిక్కును అడిగినా దేవకమ్మ గురించి ముందు ఆ మాటే చెబుతాడు, ఆ తర్వాతే నా పని సంగతి చెబుతాడు. నా పనేమిటంటే ఇంజను హెడ్డుల లోపలి దారులు నునుపు చెయ్యడం. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి, రెండూ ఇనుములో వంకర తిరిగి ఉంటాయి. పైనంతా మిషను నున్నగా చేస్తుంది కానీ ఆ మలుపుల్లోకి పోలేదు. అక్కడికి నా చూపుడువేలు పోతుంది. సన్న ఊచకు చీలిక పెట్టి, అందులో ఇనుమును అరగదీసే ఎమరీ గుడ్డ ఇరికించి చుట్టి, డ్రిల్లుకు బిగించి తిప్పాలి. ఆపి, వేలు పెట్టి తడమాలి. గరుకు తగిలితే మళ్లీ తిప్పాలి. రాజమోహన్ లేత్ షాపులో పదహారేళ్లుగా ఇదే నా బతుకు.

ఆ వేలు ఎనిమిది నెలల కిందట మొద్దుబారింది. ఏళ్ల తరబడి డ్రిల్లు అదురు పట్టి పట్టి ముందు తిమ్మిర్లు వచ్చాయి, తర్వాత వేళ్ల కొనలు తెల్లబడ్డాయి, చివరికి ఏమీ తెలియకుండా పోయింది. టీ గ్లాసు పట్టుకుంటే కాలిన సంగతి బొబ్బ లేచాక తెలిసేది. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? చెబితే రాజమోహన్ అయ్యో పాపం అని నన్ను కూర్చోబెడతాడు. ఎవరైనా నా మీద జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది.

చెప్పకుండా ఒక ఉపాయం పట్టాను. మేము గొర్రెలు కాసే ఇంటివాళ్లం. మా నాయన కప్పుకున్న పాత కంబళి ఒకటి నా దగ్గరుంటే దాన్ని ఉతికి పీలికలు చేసుకున్నాను. పీలికను తీగకు కట్టి హెడ్డు దారిలోంచి మెల్లగా లాగితే, ఎక్కడ గరుకుంటే అక్కడ ఉన్ని పోగు పట్టుకుంటుంది. ఆ పట్టు వేలికి తెలియకపోయినా మోచేతికి తెలుస్తుంది. ఎనిమిది నెలలు అలాగే నెట్టుకొచ్చాను. ఒక్క హెడ్డు కూడా తిరిగి రాలేదు.

మే నెలలో ఒక పొద్దున మా తమ్ముడు ఆదెయ్య గోనెసంచి భుజాన వేసుకుని షాపులోకి వచ్చాడు. సంచిలో వాడి బావికాడి ఆయిలింజను హెడ్డు ఉంది. మనిషి పీక్కుపోయి ఉన్నాడు.

"అక్కా, మూడు గంటల బస్సుకి ఇది నా చేతిలో ఉండాల. ల్యాకపోతే మంద చచ్చిపోతాది" అన్నాడు.

సీతారామపురం అవతల మా ఊరు. చెరువు ఎండిపోయింది. వాడిది నూట అరవై గొర్రెల మంద, అందులో సగం చూలివి, పది పదిహేను రోజుల పిల్లలు కొన్ని. బావి అడుగున నీళ్లున్నాయి కానీ అక్కడికి కరెంటు లైను లేదు, ఆయిలింజను తోడితేనే పైకొస్తాయి. హెడ్డు పగిలితే ఉదయగిరిలో మాలకొండయ్య వెల్డింగు చేసి పగులు మూశాడు. మూసిన లోహం పొగదారి మలుపులో ముద్దగా నిలిచిపోయింది. పొగ పోయే సందు లేక ఇంజను రెండు నిమిషాలు ఆడి ఆగిపోతోంది.

"లోపలి ముద్ద తియ్యాలంటే మీ అక్క ఏలొక్కటే దిక్కు, ఆత్మకూరు పో అన్నాడు మాలకొండయ్య" అన్నాడు ఆదెయ్య.

"కొత్త హెడ్డు తెచ్చుకోకూడదా రా?"

"నెల్లూరులో ల్యాదు. నాలుగు రోజులు పడతాదంట. వింజమూరు నీళ్ల ట్యాంకరోడు ఆదివారం దాకా కుదరదన్నాడు. నిన్న పొద్దున్నించి మందకు చుక్క నీళ్లు ల్యావక్కా."

"సోమశిల డ్యాముకి తోలుకపొయ్యేది."

"రెండు దినాల నడక. పెద్దవి పోతాయి. చూలివీ పిల్లలూ దోవలో పడిపోతాయి." వాడు సంచి దించి నా ముందు పెట్టాడు. "నువ్వుండావని వచ్చినా."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. రేయ్, నా వేలికి ఏమీ తెలియడం లేదురా, మలుపులో వెల్డింగు ముద్ద వెనక గోడ పల్చగా ఉంటుంది, నాకు భయంగా ఉంది అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. నువ్వుండావని వచ్చినా అని వాడు అనకపోతే చెప్పేదాన్నేమో. "కూర్చో. టీ తాగు. పదకొండుకంతా అయిపోద్ది" అన్నాను.

ముందు డ్రిల్లుకు చిన్న సానరాయి బిగించి ముద్దను అరగదీశాను. ఇనప్పొడి దులిపి ఎమరీ గుడ్డ తిప్పాను. పీలిక కోసం డబ్బాలో చూస్తే ఒక్కటీ లేదు, ముందురోజు లారీ హెడ్డుతో అన్నీ నూనె పట్టి జిగటైపోతే పారేశాను. ఆదెయ్య భుజాన కంబళి ఉంది. రోహిణీ కార్తెలో కూడా వాడు దాన్ని వదలడు.

"ఈ ఎండకి కంబళేందిరా, మెంటలోడా?"

"నీకు డ్రిల్లు ఎట్నో నాకు ఇదట్నే" అని నవ్వాడు. ఆ రోజు వాడు నవ్వింది ఆ ఒక్కసారే. కంబళి అంచు కత్తిరించి తీగకు కట్టి పొగదారిలోంచి లాగాను. మలుపులో పట్టుకుంది.

మళ్లీ తిప్పాను. మళ్లీ లాగాను. మళ్లీ పట్టుకుంది, అదే చోట. ఎంత మొండి వెల్డింగురా మాలకొండయ్యా అని తిట్టుకుంటూ ఇంకా గరుకు గుడ్డ చుట్టాను. పన్నెండయింది. లేత్ దగ్గర నుంచి రాజమోహన్ వచ్చి నిలబడ్డాడు. మెతక మనిషి, నా నోటికి జడిసి సగం మాటలు మింగేస్తాడు.

"ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదే. అద్దం, టార్చి పెట్టి నేనోసారి చూడనా?" అన్నాడు.

"పదహారేళ్లుగా ల్యాని అద్దం ఇప్పుడెందుకు? నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. పాపం, వెళ్లిపోయాడు. ఆ మనిషిని ఆ ఒక్కసారి చూడనిచ్చి ఉంటే అయిపోయేది. పాడు నోరు నాది.

రెండు దాటింది. పీలిక ఇంకా పట్టుకుంటూనే ఉంది. ఆదెయ్య గడియారం వైపు చూస్తున్నాడు, నా వైపు చూస్తున్నాడు. వాడు తిట్టినా బాగుండేది. చెమటతో చేతిలో డ్రిల్లు జారుతోంది. బలంగా అదిమి, ఆ చోటే పట్టుకుని చాలాసేపు తిప్పాను.

చివరికి బస్సు టైమవుతోందని, చాల్లెమ్మని ఆపేశాను. పని అయ్యాక, హెడ్డును చల్లబరిచే నీళ్లు తిరిగే అరను నింపి, పొగదారిలోకి కారుతుందేమో చూడడం మా షాపు పద్ధతి. కింది కన్నాలకు బిరడాలు కొట్టి, అర నిండా నీళ్లు పోసి, పొగదారిలో వేలు పెట్టి మలుపంతా తడిమాను. ఏమీ లేదు, పొడిగానే ఉంది అనుకున్నాను.

"బాగుండాది. సంచి తీసుకో" అని వేలు బయటకు తీశాను.

ఆదెయ్య సంచి అందుకోలేదు. నా చేతినే చూస్తున్నాడు.

"అక్కా, నీ ఏలు తడిసుండాది."

చూసుకున్నాను. వేలి కొన నుంచి నీళ్లు అరచేతిలోకి కారుతున్నాయి. మసి కలిసి నల్లగా కారుతున్నాయి. నాకు తెలియలేదు.

"నీకు తెలవలా?" అన్నాడు. కోపంగా అనలేదు. నా వేలు పట్టుకుని గోరుతో గట్టిగా నొక్కాడు. నేను చెయ్యి లాక్కోలేదు. ఎంత గట్టిగా నొక్కుతున్నాడో నాకు తెలిస్తే కదా.

"ఎప్పట్నించి?"

"దసరా ముందర్నించి" అన్నాను.

రాజమోహన్ పరిగెత్తుకొచ్చి అద్దం పెట్టి చూశాడు. మలుపులో ఆవగింజంత చిల్లు పడింది. చుట్టూ గోడ కాగితంలా పల్చబడిపోయింది, మళ్లీ వెల్డింగు మంట తగిలితే మొత్తం ఊడిపోతుందన్నాడు. తర్వాత నేలమీది పీలిక తీసి వెలుతురులో పట్టి, ఉన్నిలోంచి ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటే లాగాడు. ముళ్ల గింజలు, గొర్రెలు మేసే బీళ్లలో కంబళికి అంటుకునేవి. మలుపు దగ్గర పట్టుకున్నది అవి. నేను మొదటిసారి ఆపినప్పుడే లోపల అద్దంలా నున్నగా అయిపోయి ఉంటుంది. ఉతకని కంబళి నేనెన్నడూ వాడలేదు, ఆ తొందరలో నాకు తట్టలేదు. నేను గొర్రెల ఇంట పుట్టిన దాన్ని, చిన్నప్పుడు మా నాయన కంబళికి ఆ గింజలు ఏరింది నేనే. నా తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

"తిట్టరా. కొట్టు. ఏదో ఒకటి చెయ్యి" అన్నాను.

వాడు తిట్టలేదు. ఫోను తీసి, వాడి పెళ్లాం నంబరు నొక్కి నా చేతికిచ్చాడు. "నా నోటితో చెప్పలేను. నువ్వే చెప్పు" అని బయట మెట్టు మీద కూర్చున్నాడు.

ఒక్క రింగుకే గోపిక ఎత్తింది.

"అయిపోయిందా? నేనడిగేలోగా నువ్వే ఫోను చేసినావే!" అంది, మొగుడనుకుని.

"నేను, గోపికా."

"వదినా! నాకు తెల్సు. నీ ఏలు పడినాక కాకుండా పోద్దా? మందను అప్పుడే తొట్టికాడికి తోలేసినాను, నీళ్లు రాంగానే తాగతాయని. పిల్లలు ఉత్త తొట్టిని నాకతా ఉండాయి, చూళ్లేకుండా ఉండా. ఆయన మూడు గంటల బస్సు ఎక్కతాడా?"

ఆమె వెనక మంద అరుస్తోంది. నీళ్లు లేని గొర్రె అరుపు నాకు తెలుసు, గొంతు ఎండి బొంగురుగా ఉంటుంది.

"ఇంజను రాదు గోపికా. నేను చెడగొట్టినాను. నా ఏలికి తెలవడం ల్యా, మీకెవ్వరికీ చెప్పలా" అన్నాను. "పెద్దవాటిని ఇప్పుడే సోమశిల దోవ పట్టించు."

ఆమె తొట్టికాడి నుంచి పిల్లల్ని అదిలిస్తున్న చప్పుడు వినిపించింది.

"మరి చూలివీ, పిల్లలూ, వదినా?" అని అడిగింది.