ఎండలో చల్లటి పలక

సాయంత్రం అమ్మ వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చునేలోపు పొయ్యి మీద అంబలి ఉడికి ఉండాలి. అది నాన్న పెట్టిన నియమం. స్వైన్ ఫ్లూ, అదే పంది జ్వరం, వచ్చిందని ఈ ఏడాది మా కొండ మీది పన్నెండు ఊళ్ళకీ ఆసుపత్రివాళ్ళు తలా ఒక సెట్టు ఇచ్చారు. అమ్మ ఆరోగ్య కార్యకర్త కాబట్టి మా ఊరి సెట్టు మా ఇంటికి వచ్చింది. పగలంతా ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరమో చూసి, సాయంత్రం డాక్టరుకి చెప్పాలి. పెరట్లో మంచె మీది సోలార్ పలకకి ఎండ తగిలితేనే సెట్టు పలుకుతుంది.

మొదటి వారం డాక్టరు ఏదో అంటే అమ్మ నవ్వింది. "జరాలు సెప్పడానికి నవ్వెందుకే?" అన్నాడు నాన్న. మర్నాటి నుంచి అమ్మ అంకెలు మాత్రమే చెప్పింది. ఆ తర్వాత సెట్టే మూగబోయింది.

"ఆడదాని సేతికి మిసనిత్తే ఇలాగే తగలడతాది," అని నాన్న చోళ్ళు, అంటే రాగులు, నూర్చే కళ్ళంలో అందరినీ నవ్వించాడు. అమ్మ కూడా తనే పాడుచేశానని నమ్మింది. రోజు విడిచి రోజు జ్వరాల లెక్క మోసుకుని పెదబయలు ఆసుపత్రికి నడిచి వెళ్తోంది. వచ్చాక మళ్ళీ నీళ్ళు, కట్టెలు, అంబలి. జ్వరాలకి హాస్టల్ మూసేశారు కాబట్టి ఇంట్లో ఉండి ఇదంతా చూస్తున్నాను. నిజం రాయాలంటే, నాకూ అమ్మ మీదే అనుమానం. "నానేటి సేసానే కనకా?" అని అడిగితే బిందె ఎత్తుకుని నీళ్ళకి వెళ్ళిపోయాను. అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నిన్న మూడింటికి మంచె పక్కన చోళ్ళు ఆరబోస్తూ పలకని ముట్టుకున్నాను. మంచె కర్ర కాలిపోతోంది. పలక మాత్రం, అప్పుడే దాని మీంచి ఏదో తీసినట్టు, చల్లగా ఉంది. దాని గాజుకి గోనె పీచు అంటుకుని ఉంది. ఇంట్లో ఉన్నది నేనూ నాన్నా.

ఇవాళ పొద్దున నీళ్ళకని బిందె పట్టుకుని వెళ్ళి కంచె వెనక నిలబడ్డాను. అమ్మ మలుపు తిరగ్గానే నాన్న గోనెపట్టా తెచ్చి పలక మీద పరిచాడు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. ఆయన కళ్ళానికి వెళ్ళాక నేను ఆ పట్టా తీసేశాను.

మూడు దాటాక అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. రత్నాలు పిన్నికి ఎనిమిదో నెల. జ్వరం తగ్గలేదు, ఇప్పుడు మాట మధ్యలో ఊపిరి ఆగిపోతోంది. డోలీలో రోడ్డు దాకా మోసినా, అక్కడ జీపు ఉండాలి కదా. అమ్మ వెనకే జనం, నాన్న.

"ఆ సచ్చిన సెట్టునేటి సూత్తావు? బేగి డోలీ కట్టండి!" అన్నాడు నాన్న.

నేను స్విచ్ తిప్పాను. పచ్చ దీపం వెలిగింది. నాన్న పెరటివైపు చూశాడు.

అమ్మ మైకు అందుకుని పిన్ని ఊపిరి లెక్క చెప్పింది. "వంతెన దగ్గర జీపు ఉంటుంది, బయల్దేరండి," అన్నాడు డాక్టరు. పిన్ని ఇంటి ముందు డోలీ కదిలింది. "ఇన్నాళ్ళూ సెట్టుకి ఏమైందమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"నాకే సేతకాక సారూ..."

బడిలో హాజరు కూడా గట్టిగా పలకలేని నేను అమ్మ చేతిలోని మైకు పట్టుకున్నాను. ఇందులో అన్నమాట పన్నెండు ఊళ్ళకీ వినిపిస్తుంది.

"కనకా, లోపలికెళ్ళు," అన్నాడు నాన్న.

బటన్ నొక్కాను. "అమ్మ పాడుసెయ్యలేదు సార్. మా నాన్న రోజూ పలక మీద గోనె కప్పేవోడు."

అమ్మ వేలు నా వేలు మీద పడింది. బటన్ వదిలించేస్తుందనుకున్నాను. ఇంకా గట్టిగా నొక్కింది.