గంజి వాసన

పేరమ్మ ఇంట్లో ఏది ముట్టుకున్నా గంజి వాసనే. బియ్యపు గంజిని బాగా పులియబెట్టి, మగ్గం మీద నిలువుగా సాగే పడుగు నూలుకు పట్టిస్తేగాని పోగులు తెగకుండా నిలవవు. ఆ గంజి కుండ చూరు కింద ఎప్పుడూ ఉండేది. ఆమె కొంగుకు, కొడుకు దుప్పటికి, అన్నం తినే కంచాలకు కూడా ఆ పులుపు పట్టింది. చీరాల పక్కన ఆ నేతపేటలో పుట్టినవాళ్ళెవరికీ అది వాసనగానే తెలియదు.

భర్త రోశయ్య జ్వరంతో పోయాక ఆమెకు మిగిలినవి రెండు: కొడుకు యలమంద, ఇంట్లో నేల తవ్వి అమర్చిన గుంట మగ్గం. నేసే మగవాడు లేని ఇంట్లో ఆ గుంటను మట్టిపోసి పూడ్చేస్తారు. ఆ వీధిలో అలా పూడ్చిన ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పొద్దున్నే ముఖానికి గుడ్డ కట్టుకుని పొగాకు కంపెనీల్లో ఆకు ఏరడానికి పోతుంటే పేరమ్మ తల తిప్పుకునేది. యలమంద తన తండ్రి గుంటలో కూర్చోవాలి, గుంట పూడకూడదు. ఆమె అంతకుమించి ఏ దేవుడినీ ఏమీ అడగలేదు.

యలమందకు పదిహేనో ఏడు. ఒక పడుగు అయిపోగానే కొత్త పడుగు పోగుల్ని పాత పోగుల కొనలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. తెల్లనూలుకు తెల్లనూలు. ఆ పనికి పెద్దవాళ్ళు వెలుతురు కోసం గుమ్మంలోకి జరిగేవాళ్ళు. యలమంద ఇంటి లోపల, మసక చీకట్లో కూర్చునే అతికేవాడు.

"ఈడి కళ్ళు అచ్చం మా బావ కళ్ళే," అనేవాడు పేరమ్మ అన్న మాలకొండయ్య. ఆయన ఇల్లు ఎదురుగానే.

పడుగుకు గంజి పెట్టేది వీధిలో. తెల్లవారగానే గుంజలు పాతి పడుగును వీధి పొడవునా పరుస్తారు. గంజి తడిపిన పోగుల మీద పెద్ద కుంచెను ఇద్దరు చెరోవైపు పట్టుకుని, ఒకే నడకలో ఆ కొస నుంచి ఈ కొసకు లాక్కుంటూ పోతారు. తడి ఆరేదాకా కుంచె ఆగకూడదు. ఆగితే పోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా అట్ట కట్టేస్తుంది. అందుకే కుంచె పిల్లల చేతికివ్వరు. కుంచె పట్టినవాణ్ణి ఆ రోజు నుంచి మగవాడి కింద లెక్కేస్తారు.

ఆ చలికాలంలో మాలకొండయ్య చెల్లెలితో అన్నాడు. "రేపు మా పడుక్కి అల్లుడు నాకెదురు కుంచె పడతాడమ్మాయ్."

"వాడి చేతులు ఓర్చుకుంటయ్యా అన్నా?"

"ఓర్చుకోకపోతే నేను లేనా. రేపు నా పిల్లనిచ్చేవాణ్ణి ఊరికే వదిలేస్తానా."

మర్నాడు వీధిలో మంచు మనిషికి మనిషి కనపడనంత దట్టంగా ఉంది. గంజిలో పెట్టిన వేళ్ళు కొంకర్లు పోయాయి. మాలకొండయ్య మొలలోంచి చిన్న సీసా తీశాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినా మద్యనిషేధం అలాగే ఉంది. అయినా సముద్రం వైపు సరుగుడు తోటల్లో కాచిన సారా కట్టెల మోపుల్లో దాగి పేటలోకి వస్తూనే ఉండేది. కుంచె పట్టేవాళ్ళు చలికని తలా ఒక గుక్క వేసుకోవడం ఆ వీధి అలవాటు. దాన్ని తాగుడు అని ఎవరూ అనుకోలేదు.

"పట్టు అల్లుడా."

"అమ్మ తిడద్ది మామా."

"మీ అమ్మకెట్టా తెలుసుద్దిరా? ఈ గంజి కంపులో సారా కంపు కనుక్కునే ముక్కు ఈ పేటలో ఎవరికుంది? కుంచె పట్టినోడివి, ఇంకా పాలే తాగుతావా?"

గుంజల దగ్గరున్నవాళ్ళు నవ్వారు. యలమంద తాగి దగ్గాడు. మళ్ళీ నవ్వారు. కాసేపటికి వాడి చేతులు వెచ్చబడ్డాయి. పడుగు ఆరేదాకా కుంచె ఎక్కడా ఆగలేదు.

"మగోడయ్యాడురా," అన్నారెవరో. అరుగు మీద కూర్చున్న పేరమ్మకు ఆ మాట ఒక్కటే వినిపించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

యలమంద తన తండ్రి గుంటలో కూర్చున్నాడు. ఇంట్లో మళ్ళీ పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు మొదలైంది. చలి పోయింది, గుక్క పోలేదు. ఎండాకాలం వచ్చేసరికి కుంచె లేని రోజుల్లో కూడా వాడు, పక్కింటి బాపయ్య కలిసి సాయంత్రం పూట తోటల వైపు పోయి వస్తున్నారు. బాపయ్యదీ అదే వయసు. పొద్దున యలమంద చేతులు వణికేవి. గుడ్డ అంచు అక్కడక్కడా సొట్టలు పోయేది. కంచంలో అన్నం సగం మిగిలేది. వయసు కుర్రవాడు, ఒళ్ళు వేడి చేసిందనుకుని పేరమ్మ మజ్జిగ ఎక్కువ పోసింది. గంజి తోడే వేళ్ళతోనే వాడి తల నిమిరేది. వాడి ఊపిరిలో ఆమెకు తన చేతి వాసనే తగిలేది.

చీర కొనడానికి వచ్చిన వెంకటేశ్వరమ్మ మాత్రం ముక్కు చిట్లించింది. ఆమెది పర్చూరు వైపు పల్లె, మిరప పండించే ఇల్లు. యలమంద ఆమె పక్కనుంచి లోపలికి పోయాడు.

"పేరమ్మా, మీ వాడి దగ్గర ఏందే ఆ కంపు?"

"గంజమ్మా. మా ఇళ్ళల్లో అంతే."

"గంజి కుండ నా ఎదురుగానే ఉందిగా. ఇది అది కాదు."

"మిరపకాయ ఘాటు తప్ప మీకింకో వాసన తెలుసుద్దా," అని పేరమ్మ నవ్వింది.

వెంకటేశ్వరమ్మ నవ్వలేదు. "నా మరిది ఒంటిమీద తెలిసిందిలే," అని చీర చంకలో పెట్టుకుని లేచింది. పరాయి ఊరి మనిషి తన కొడుకును మాటంటుందా అని పేరమ్మకు ఒళ్ళు మండింది. ఆమె వెళ్ళాక చేతులు వాసన చూసుకుంది. గంజే.

మళ్ళీ చలి మొదలయ్యే రోజుల్లో పోలీసులు తోటల మీద పడి కుండలన్నీ పగలగొట్టారు. పేటకు సారా రావడం ఆగింది. పెద్దవాళ్ళు తిట్టుకుని ఊరుకున్నారు. యలమంద, బాపయ్య ఊరుకోలేకపోయారు. చెక్క బీరువాలకు మెరుగు పెట్టే పాలీషు సీసా ఒకటి బాపయ్య ఎక్కణ్ణుంచో తెచ్చాడు. అందులో ఉండేదీ సారాయేనని వాడికెవరో చెప్పారు. సాయంత్రం ఉప్పుకాలవ గట్టున ఇద్దరూ దాన్ని పంచుకున్నారు.

మరునాడంతా యలమంద కడుపు పట్టుకుని పడుకున్నాడు. ఆ మరునాడు మాలకొండయ్య ఇంటి పడుగు. వాడు లేచి గోడ పట్టుకుంటూ వీధిలోకి వచ్చి, తడుముకుని కుంచె అందుకున్నాడు. నాలుగడుగులు వేసేసరికి కుంచె పక్కకు జారింది. రెండోసారీ జారింది.

"ఏందిరా అల్లుడా, కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అన్నాడు మాలకొండయ్య.

"మంచు మామా. ఇంకా విడవలా. కాసేపాగి పెడదాం."

మాలకొండయ్య తల ఎత్తి చూశాడు. పేరమ్మ అరుగు దిగింది. మంచు విడిచి చాలాసేపయింది. ఎండ తడి పోగుల మీద పడి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ఆమె కొడుకు ముఖం ముందు చెయ్యి ఆడించింది. వాడు రెప్ప వేయలేదు.

బండి కట్టి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు గారు వాడి కంట్లోకి దీపం వేసి చూసి, ఏం తాగావు అని అడిగారు. యలమంద చెప్పాడు.

"ఎన్నాళ్ళనుంచి తాగుతున్నాడమ్మా? ఇంట్లో వాసనైనా రాలేదా?" అన్నారు ఆయన.

మాలకొండయ్య నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే పేట నుంచి మనిషి వచ్చాడు. కడుపునొప్పితో పడుకున్న బాపయ్య మరి లేవలేదని చెప్పాడు. యలమంద ప్రాణం నిలిచింది. కళ్ళు రాలేదు.

ఇంటికి వచ్చాక వాడు ఒకసారి తండ్రి గుంటలో దిగి కూర్చున్నాడు. నాడె తగిలింది, పేకను కొట్టే పలక తగిలింది. తెగిన పోగు తగల్లేదు. వేళ్ళతో వెతికిన కొద్దీ చుట్టుపక్కల పోగులు తెగాయి. పేరమ్మ వద్దనలేదు. వాడంతట వాడే పైకి వచ్చాడు. మాలకొండయ్య తట్టలో మట్టి తెచ్చి గుంట పూడ్చాడు. ఆ నెలలోనే పేరమ్మ ముఖానికి గుడ్డ కట్టుకుని ఆకు కంపెనీకి పోయింది. పెళ్ళి మాట మరి ఎవరూ ఎత్తలేదు.

మాలకొండయ్య మొలలో సీసా ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు.

రెండేళ్ళు గడిచాయి. యలమంద అరుగు మీద రాట్నం పెట్టుకుని నాడెలోకి నూలు కండెలు చుడుతున్నాడు. అది ముసలమ్మల పని. ఆ పొద్దున మాలకొండయ్య కొడుకు చలమయ్య మొదటిసారి కుంచె పట్టాడు. వాడికి పద్నాలుగు. కంపెనీకి బయలుదేరబోతూ పేరమ్మ కాసేపు ఆగింది. తండ్రీ కొడుకుల నడక బాగా కలిసింది. గుంజల దగ్గరున్నవాళ్ళు అదే మాట అన్నారు, మగోడయ్యాడురా అని.

నడుమ చలమయ్య తన కొస ఒకరికిచ్చి, గంజి తోడుకోవడానికి అరుగు దగ్గరికి వచ్చాడు. "ఏం బావా, మా కుంచె చప్పుడు బాగుందా?" అన్నాడు వంగి.

రాట్నం ఆగింది.

"మామా," అని పిలిచాడు యలమంద. గొంతు పెద్దది చేయలేదు. "ఒకసారి ఇట్టా రా."

"పడుగు తడి మీదుందిరా. ఆగు."

"నీ కొడుకు దగ్గర వచ్చేది గంజి వాసన కాదు."

గుంజల దగ్గరున్న ఒకాయన చెయ్యి గబుక్కున పంచె మడతలోని సీసాను కప్పింది. చలమయ్య వెనక్కి జరగబోయాడు. మాలకొండయ్య కుంచె వదిలేసి వచ్చి కొడుకు గడ్డం పట్టుకుని నోటి దగ్గర ముక్కు పెట్టాడు. చాలాసేపు పీల్చాడు. తర్వాత వాణ్ణి మెడ వంచి మేనల్లుడి ముఖం దాకా తెచ్చాడు.

"నాకు గంజే తెలుస్తోందిరా," అన్నాడు. "నాకు తెలియట్లా. నువ్వు సరిగ్గా చూసి చెప్పు."

యలమంద చెయ్యి చాపి చలమయ్య ముఖం తడిమాడు. కనురెప్పల మీద వేళ్ళు కాసేపు ఆపాడు.

"అదే మామా," అన్నాడు.

వీధిలో ఎండ ఎక్కుతోంది. పడుగు మధ్యలో కుంచె అడ్డంగా పడి ఉంది. రెండో కొస పట్టుకున్న మనిషి దాన్ని లేపలేదు. పేరమ్మ ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి నిలబడింది. వాళ్ళందరి కళ్ళెదుటే పోగులు ఒకదానికొకటి అంటుకుంటూ పడుగు అట్ట కట్టసాగింది.