రాగిరేకుల గడప

దొరైస్వామి తలుపు చట్రం వెంట రాగిరేకులను ఒక్కొక్కటే తుడుస్తూ పైమూల దాకా వచ్చాడు. జానెడు మందం ఇనుప తలుపు అది. దాని చట్రం నాలుగు వైపులా, గడపతో సహా, దువ్వెన పళ్లలా వందల రేకులు. తలుపు మూసినప్పుడు అవి గట్టిగా ఒత్తుకుంటేనే బయటి రేడియో తరంగం లోపలికి దూరదు. కాట్పాడి దగ్గరి ఈ పరీక్షశాలలో పదకొండేళ్లుగా పొద్దున్నే అతని పని ఇదే. చేతిలోది ఎర్రగళ్ల లుంగీగుడ్డ. గుడియాత్తంలో అతను మగ్గం మీద నేసిన ఆఖరి లుంగీలోది. ఈ పనికీ ఇవాళే ఆఖరి రోజు.

గది లోపల గోడలకూ కప్పుకూ మూరెడేసి నీలం స్పాంజి ముళ్లు. అవి తరంగాలను మింగేస్తాయి. మాటను కూడా సగం మింగుతాయి. మగ్గాల మోతలో పెరిగినవాడు, మొదటిరోజు ఇక్కడ తన గుండె చప్పుడు తనకే వినబడితే హడలిపోయాడు.

ఇవాళ తనిఖీ అధికారి వచ్చాడు. ఖాళీ గదిని కొలిస్తే తెర మీద గీత చదునుగా రావాలి. రాకుంటే గదికి గుర్తింపు పోతుంది.

తలుపు మూశారు. గీత మధ్యలో సూదిలా పైకి లేచింది.

"ఎఫ్.ఎం. పాటల స్టేషను!" ఇంజనీరు గౌతమి తల పట్టుకుంది. "యాడినించి దూరతా ఉండాదో!"

కేబుళ్లన్నీ మార్చి చూసింది. సూది కదల్లేదు. అధికారి గడియారం చూసుకున్నాడు. "మూడింటిదాకా ఉంటాను."

"అన్నా, రేకులన్నీ తుడిచినావు గదా?"

"తుడిచినా తల్లీ..." అంటూ దొరైస్వామి ఆగిపోయాడు. గొంతుక్కూర్చుని, తెగిన పోగు వెతికినట్టు కళ్లు మూసుకుని గడప రేకుల మీద బొటనవేలు నడిపాడు. వేలు పచ్చగా వచ్చింది.

నాలుగు రోజుల కిందట ఆయుధపూజ. ఏటా తలుపుకు బొట్టు పెట్టి ఊరుకునేవాడు. తనకిక్కడ ఇదే ఆఖరి పూజ కదా అని ఈసారి గడపకు పసుపు కూడా పూశాడు. పసుపు పూసిన గడపను తుడిచేందుకు చెయ్యి రాక, ఆ వరస ఒక్కటీ అప్పటినుంచి వదిలేశాడు.

"నా పనే తల్లీ. గడప గదా అని పసుపు పూసినా. ఆ పొర అడ్డంబడి రేకులు తలుపుకు ఆనలేదు."

"అయ్యో కడవులే, దేవుడా! గదికి చెవులు కుట్టినావు గదన్నా!"

"తిట్టేది తర్వాత. స్పిరిట్టు తే అమ్మా, సీక్రం!"

రేకు రేకునూ కడిగాడు, సందు సందునూ తుడిచాడు. లేచి తలుపు మూసి చక్రం బిగించాడు. గీత ఎడమ నుంచి పాకింది. సూది లేచే చోటు దగ్గరపడింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. గీత దాటిపోయింది, గాలిలేని చెరువులా చదునుగా.

"పోయిందన్నా, పోయింది!" గౌతమి ఎగిరి చప్పట్లు కొట్టింది. అధికారి నవ్వుతూ సంతకం పెట్టాడు.

"ఇంకోతూరి చూపించు తల్లీ," అన్నాడు దొరైస్వామి. మూడుసార్లు గీత వేయించుకుని చూశాడు.

అయిదింటికి గౌతమి అతనికోసం తెచ్చిన శాలువాతో వచ్చేసరికి టిఫిన్ కారియరు లేదు, అతనూ లేడు. గుడియాత్తం బస్సు వెళ్లిపోయింది. తలుపు చక్రానికి ఎర్రగళ్ల గుడ్డ వేలాడుతోంది, మడతల్లో పదకొండేళ్ల రాగి నలుపుతో, ఒక కొసన ఇంకా వదలని పసుపుతో.