గేటు లోపలి తల్లులు

పిల్లాడు కాలువలో పడ్డాడన్న కేక వినగానే శౌరమ్మ మిషను వదిలి పరుగెత్తింది. గేటుకు తాళం ఉంది.

"భోజనాల బెల్లు కాకుండా తీస్తే నా ఉద్యోగం ఊడుద్దమ్మా!" అన్నాడు వాచ్‌మన్ రత్తయ్య.

చువ్వలు పట్టుకుని ఆమె పెట్టిన కేకకు పటమటలోని ఆ బట్టల షెడ్డులో మిషన్లన్నీ ఆగాయి. మేనేజరు వచ్చి తాళం తీయించేసరికి, కొత్తనీటితో పారుతున్న బందరు కాలువ గట్టున ఆమె నాలుగేళ్ళ కొడుకు జోజి చల్లబడిపోయాడు. పొద్దున వాణ్ణి వెంట తీసుకొస్తే బయటికి గెంటింది ఆ మేనేజరే. పక్క మిషను మీద కూర్చునే సైదా అదంతా కళ్ళారా చూసింది. అది తొంభై ఆరో సంవత్సరం.

"మానెయ్" అన్నాడు ఆ సాయంత్రం సైదా భర్త అఫ్రాజ్. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగి అతను. "నేను తెచ్చింది తిందాం. పిల్ల ముఖ్యమా, కుట్టుపనా?"

నెలల పిల్ల అఫ్సాను గుండెకు హత్తుకుని సైదా మానేసింది.

అయినా జోజి వదల్లేదు. మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడేవాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, జుట్టులోంచి నీళ్ళు కారుతూ. ఏమీ అడిగేవాడు కాదు. సైదా కొంగుతో కళ్ళు తుడుచుకుని చూస్తే గచ్చు పొడిగా ఉండేది. పిల్లకు నీళ్ళు పోయాలంటే చేతులు ఆడేవి కావు.

ఒకరోజు శౌరమ్మే వచ్చింది. అఫ్సా వైపు చూడకుండా గోడకానుకుని కూర్చుంది.

"నీ మిషను మీద ఇంకో పిల్లల తల్లిని కూర్చోబెట్టారే. దాని పిల్లలిప్పుడు గట్టు మీద ఆడుతున్నారు."

సైదా అఫ్సాను ఒళ్ళోకి తీసుకుంది. తన పిల్లను తాను కాపాడుకుంది. మరి ఆ పిల్లలో?

"పిల్లా, పనా అని నన్నే అడిగారు" అంది ఆ పూట అఫ్రాజ్‌తో. "ఆ ఓనర్నెవరూ అడగరేం? ముప్పై మందికి మించి ఆడోళ్ళుంటే పిల్లలకో గది పెట్టాలంట. చట్టమేనంట."

"చట్టం మనకా?"

"మనం అడగందే ఎవరికండీ?"

ఆదివారం శౌరమ్మ వసారాలో ఆడవాళ్ళు చేరారు. పిల్లల గది ఇచ్చేదాకా పని ఆపుదామంది సైదా.

"నా పిల్లలు పెద్దోళ్ళయ్యారు. నా కూలెందుకు పోగొట్టుకోవాలి?" అంది పద్మావతమ్మ.

"ఎట్టా పెంచావక్కా?" అడిగింది శౌరమ్మ.

"మంచంకోడుకి కట్టేసొచ్చేదాన్ని. నా కూతురి కాలికి ఆ మచ్చ ఇప్పటికీ ఉంది" అని పద్మావతమ్మ భోరుమంది. ఇక ఎవరూ వాదించలేదు.

మర్నాడు పిల్లల్ని చంకనెత్తుకుని అందరూ షెడ్డులోకి నడిచారు. రత్తయ్య అడ్డం రాలేదు. మిషన్ల మధ్య నేల మీద కూర్చున్నారు.

"ఇది ఫ్యాక్టరీయా, బాలవాడీయా?" అరిచాడు ఓనరు రామకోటేశ్వరరావు. "కన్నది మీరు, పెంచాల్సింది నేనా?"

"మీరు పెంచొద్దండీ" సైదా లేచి నిలబడింది. "మా కళ్ళెదుట పెరిగే చోటివ్వండి. అప్పటిదాకా ఒక్క మిషనూ తిరగదు."

పోలీసు వ్యాను వచ్చింది.

"పిల్లలున్నోళ్ళు ఇళ్ళకు పోండి. మిగతావాళ్ళు వ్యానెక్కండి" అన్నాడు ఎస్సై.

ఎవరూ కదల్లేదు. ఒక్క శౌరమ్మే ఖాళీ చేతులతో వ్యానెక్కడానికి లేచింది. సైదా పరుగున వెళ్ళి అఫ్సాను ఆమె చేతుల్లో పెట్టింది. జోజి పోయాక ఆమె ఏ పిల్లనూ ముట్టలేదు. ఈ పిల్లను మాత్రం గట్టిగా పొదువుకుంది.

"ఈమెకూ పిల్ల ఉందండీ" అంది సైదా. "ఇప్పుడెవర్ని తీసుకెళ్తారు?"

పద్మావతమ్మ పక్కామె పిల్లాణ్ణి ఎత్తుకుంది. పెళ్ళికాని మనోజ్ఞ ఇంకొకణ్ణి ఎత్తుకుంది. ఎవరి బిడ్డ ఎవరో ఎస్సైకి తెలియలేదు.

"అందర్నీ ఎక్కించండి!"

వ్యాను చాల్లేదు. మిగిలినవాళ్ళు వెనకే నడిచారు. ఆటోనగర్ షెడ్లలోంచి పనివాళ్ళు రోడ్డు మీదికొచ్చి చూశారు. అఫ్రాజ్ బాడిశ కింద పడేసి గుంపులో కలిశాడు.

స్టేషన్ వరండాలో ఆకలికి ఒక పిల్ల ఏడుపు అందుకుంది. దానికి మరో పిల్ల తోడైంది. ఇంకో పిల్లాడూ మొదలుపెట్టాడు.

"ఊరుకోబెట్టండి!" ఎస్సై చెవులు మూసుకున్నాడు.

ఒక్క తల్లీ ఊరుకోబెట్టలేదు.