లైనింగ్ మీద బొట్టు

చిక్కడపల్లిలో బండ్లు బాగుచేసే షాపులు ఎన్నయినా ఉండనీ, బ్రేకులంటే మాత్రం మా షాపే. ఇది నా సొంత డప్పు కాదు. నారాయణగూడలో అద్దాల గది కట్టుకుని షాపు పెట్టిన మిస్త్రీలు కూడా తమ సొంత స్కూటర్లకు బ్రేకులు మా ఆయన జగదీశ్వర్ దగ్గరే వేయించుకుంటారు. కావాలంటే అడగండి. అడగకపోయినా నేను చెబుతాను, మంచిమాట దాచుకోవడం నాకు చేతకాదు.

ఆయన పనితీరే వేరు. బ్రేకు షూ మీద లైనింగ్ అని ఒక పట్టీ అతికించి ఉంటుంది. అదే డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపుతుంది. దాన్ని తాకే ముందు మా ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంటాడు. అన్నానికి కూర్చునేటప్పుడు కూడా అంత కడగడు. లైనింగ్‌కు నూనె తగిలితే బ్రేకు జారుతుందని ఆయన భయం. షాపులో ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదు. పక్క షాపువాళ్లు "పంతులు మడి కట్టిండు" అని నవ్వుతారు. నవ్వనీ. ఇరవై రెండేళ్లలో ఆయన వేసిన బ్రేకు వెనక్కి వచ్చింది లేదు, రెండువేల పన్నెండు దసరా దాకా.

ఆ దసరాకు నాగేందర్ స్కూలు ఆటోకు వెనక చక్రాల షూలు మార్చాల్సి ఉంది. కొత్తవి తెచ్చి బల్ల మీద పెట్టాం, పండగ మర్నాడు వేయాలని. ఆయుధపూజ మాత్రం నాది. ఏటా పానాలకూ జాకీకీ సుత్తికీ పొడి కుంకుమే పెట్టేదాన్ని. ఇనుము మీద అది నిలవదు, మధ్యాహ్నానికల్లా రాలిపోతుంది. ఆ ఏడు నా తెలివి పొంగింది. ఆంజనేయస్వామి గుడి నుంచి నూనెలో కలిపిన సింధూరం తెచ్చి, అన్నిటికీ నిండుగా బొట్లు పెట్టాను. బల్ల మీద పైనున్న ఒక జత షూలకు కూడా పెట్టాను. పిల్లలు ఎక్కే బండి కదా, దేవుడి చల్లని చూపు ముందు వాటి మీదే పడాలనుకున్నాను.

సాయంత్రం దీపం కొండెక్కాక గుర్తొచ్చింది, లైనింగ్ ముట్టానని తెలిస్తే ఆయన ఊరుకోడని. కిరోసిన్ గుడ్డతో ఎరుపు కనబడకుండా తుడిచేశాను. మా షాపులో కిరోసిన్ వాసన రాని వస్తువేముంది? మర్నాడు ఆయన చేతులు కడుక్కుని, ఆ షూలు బిగించి, గల్లీలో మూడుసార్లు బ్రేకు తొక్కి చూశాడు. ఆటో చక్కగా ఆగింది. నూనె లోపలికి ఇంకి ఉందని ఎవరికి తెలుసు?

సెలవులు అయిపోయి స్కూళ్లు తెరిచిన రోజు మధ్యాహ్నం నాగేందర్ వచ్చాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, వేడెక్కితే బ్రేకు కుడికి గుంజుతున్నది. అశోక్‌నగర్ చౌరస్తల డివైడర్ మీదికే పోయింది బండి. ఎనిమిది మంది పిల్లలుండిరి."

"ఎవలకన్న తాకిందా?"

"ఎవ్వలకేం కాలె."

మా ఆయన ఎడమ చక్రం విప్పాడు. లైనింగ్ నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. ఎడమ పక్కన బ్రేకు జారుతోంది, కుడి పక్కన పడుతోంది, బండి కుడికి పోక ఏం చేస్తుంది? ఆయన బ్రేకు ఆయిల్ కారిందేమోనని సిలిండర్ చూశాడు. పొడిగా ఉంది. ఇరుసు సీలు చూశాడు. అదీ పొడిగానే ఉంది. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు.

"నూనె యాడికెల్లి రాలె నాగేందర్. అంటే నా చెయ్యే. కడిగిన అనుకున్న గని, సక్కగ కడగలె. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. నారాయణగూడల వేయించుకో, నేను ఫోన్ జేసి చెప్త. స్కూలు బండ్లు ఇగ నేను ముట్ట."

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, కాసేపు నోరు మూసుకుందామనే అనుకున్నాను. ఆ బండి ఇంకెక్కడికో పోతుంది, నాలుగు రోజుల్లో మరిచిపోతారు, నా మాట పైకి రాదు. కానీ ఆయన పానాలు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో పెడుతున్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు షాపు సర్దుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చేతిని అనుమానించే ధైర్యం ఈ చిక్కడపల్లిలో ఎవడికీ లేదు, ఈయనకెక్కడిది?

"ఏందయ్యా, ఆ పానాలు కింద పెట్టు," అన్నాను. "నీ చేతికేం రోగం రాలె. సింధూరం బొట్టు పెట్టింది నేను. నూనెది. లైనింగ్ మీదనే పెట్టిన. నువ్వు తిడ్తవని కిరోసిన్‌తోటి తుడిచిన. తప్పు నాది."

ఇద్దరూ నన్నే చూశారు. ముందు తేరుకున్నది నాగేందర్.

"నువ్వు చెప్పకపోతే ఎవ్వలకు ఎర్కయితుండె వదినా?"

"నాకు ఎర్కనే గద. పిల్లల బండి నాగేందరూ, ముందుగాల నీకే చెప్పాలె. క్షమించు తమ్మీ." జన్మలో ఎవరితోనూ ఆ మాట అన్నదాన్ని కాదు.

పానా వచ్చి నా నెత్తిన పడుతుందనుకున్నాను. ఆయన తిట్టనే లేదు.

"అయితే నా చెయ్యి మంచిగనే ఉన్నదా?" అన్నాడు.

"ఉన్నది."

పీట మీద కూలబడి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. గిరాకీ ముందు మా ఆయన ఏడవడం నేను చూడలేకపోయాను. "ఏం జూస్తున్నవ్, పొయ్యి మూడు చాయ్‌లు చెప్పు," అని నాగేందర్‌ను బయటికి తోలాను.

చాయ్ తాగాక ఆయన లేచి డ్రమ్ములు ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చేశాడు. ఇంకో కొత్త షూల పెట్టె తీసి, దాన్ని తెరవకుండా నా వైపు చూశాడు.

"పొయ్యి కడుక్కో. మోచేతుల దాక. నువ్వందియ్యి, నేను బిగిస్త."

ఇరవై రెండేళ్లలో ఆ లైనింగులను ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. నేను రెండుసార్లు కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటీ అందించాను.

బిగించడం అయ్యాక ఆయనే ఆటో తీశాడు. నాగేందర్‌ను షాపు దగ్గర ఉండమని, నన్ను వెనక పిల్లలు కూర్చునే సీట్లో కూర్చోమన్నాడు. ఈసారి గల్లీలో కాదు, బ్రేకులు బాగా వేడెక్కేదాకా చూస్తానన్నాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కి దిగుతూ పదిసార్లు ఆపాడు. వెనకాల స్కూటర్లవాళ్లు తిట్టని తిట్టు లేదు. నేను తిరిగి రెండు తిట్టాను. పదోసారి దిగుడులో గట్టిగా తొక్కాడు. ఆటో బెత్తెడు కూడా పక్కకు పోకుండా, గీత గీసినట్టు ఆగింది. ఆయన వెనక్కి తిరిగి, నేను భయపడి సీటు ముందున్న కడ్డీ పట్టుకున్నానేమోనని చూశాడు. నా రెండు చేతులూ ఒళ్లోనే ఉన్నాయి.